బంగారు తెర మీద ఒట్టి ఐరిస్ పూలే... మరి కథ ఎక్కడుంది?

టోక్యో_గువ్వ | మే 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. టోక్యోకి ఉద్యోగం మీద వచ్చి మూడేళ్లయింది. నిన్న సెలవు కదా అని నెజు మ్యూజియానికి వెళ్లాను. ఏటా తోటలో ఐరిస్ పూసే ఈ రోజుల్లోనే అక్కడ ఓగాతా కోరిన్ వేసిన 'కాకిత్సుబాతా' తెరల్ని బయట పెడతారు. ఆరేసి మడతలున్న తెరలు రెండు. వెనకంతా బంగారు రేకు, దాని మీద చిక్కటి నీలం పూలు, కత్తుల్లా నిలబడ్డ ఆకుపచ్చ ఆకులు. అంతే! నీళ్లు గీయలేదు, గట్టు గీయలేదు. ఆకాశం లేదు, పిట్ట లేదు, మనిషి లేడు. అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

నా పక్కన ఒక పెద్దావిడ తెరకి ఎదురుగా నిలబడి, పెదాలు కదుపుతూ ఏదో చెప్పుకుంటున్నారు. దండం పెట్టుకుంటున్నారేమో అనుకున్నాను. కాసేపటికి చేతిరుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే 'జపాన్‌లో ఐరిస్ అంటే వీరత్వం, మే 5న మగపిల్లల పండగ పువ్వు' అని కనిపించింది. నేను వెళ్లిందీ మే 5నే. కానీ వీరత్వానికి ఆవిడ కళ్లనీళ్లు ఎందుకు పెట్టుకుంటారు? తెలిసినవాళ్లు చెప్పరూ.

పెన్సిల్_ముక్క | మే 6, రాత్రి 9:31

2004లో వచ్చిన 5,000 యెన్ నోటు వెనక ఉన్న పూలు ఇవే కదండీ? 2024లో కొత్త నోటు వచ్చాక ఆ చోట విస్టీరియా గుత్తులు వేశారు. నా పర్సులో పాత నోటు ఒకటి దాచుకున్నాను. మీ పోస్టు చదివాక బయటికి తీసి చూస్తున్నా.

మొక్కల_మురళి | మే 6, రాత్రి 10:05

గువ్వ గారూ, మీరు చూసింది ఒక పువ్వు, నెట్‌లో చదివింది ఇంకో పువ్వు గురించి. అదీ చిక్కు.

మన కంటికి అన్నీ ఐరిస్ పూలే. జపాన్ వాళ్లకి మాత్రం మూడు వేర్వేరు పేర్లున్నాయి: అయామె, కాకిత్సుబాతా, హనాషోబు. రేకు మొదట్లో చూడాలి. కాకిత్సుబాతాకి తెల్లటి గీత ఉంటుంది, హనాషోబుకి పసుపు గీత, అయామెకి వల అల్లినట్టు గీతలు. అయామె ఆరిన నేలలో పెరుగుతుంది, కాకిత్సుబాతాకి కాళ్లు తడవాలి. రెండూ సమానంగా అందంగా ఉండి ఏది ఎంచుకోవాలో తేలనప్పుడు 'అది అయామెయో, కాకిత్సుబాతాయో' అనడం అక్కడ సామెత.

వీరత్వం సంగతి షోబుది. ఆ మాట ఉచ్చారణ, యుద్ధ పరాక్రమాన్ని గౌరవించడం అనే అర్థమున్న ఇంకో మాట ఉచ్చారణ ఒకటే. ఆకులేమో కత్తుల్లా ఉంటాయి. అందుకని మగపిల్లల పండగకి పట్టుకున్నారు. ఆ రోజు నీళ్లలో ఆకులు వేసి స్నానం చేస్తారు. ఇంకో సంగతి. స్నానానికి వాడే షోబు అసలు ఐరిసే కాదు, మన వస! పిల్లలకి మాటలు బాగా రావాలని వస కొమ్ము అరగదీసి నాకిస్తామే, అదే మొక్క. దాని ఆకులాంటి ఆకు ఉండి పువ్వు అందంగా ఉంది కాబట్టి ఆ ఐరిస్‌కి హనాషోబు, అంటే పూల షోబు అని పేరొచ్చింది.

పాతబడి_మాస్టారు | మే 7, ఉదయం 6:20

మురళి గారు దారి చూపించారు కాబట్టి నేను మిగతా సగం చెబుతాను. అమ్మా, ఆ పెద్దావిడ చెప్పుకున్నది నాకు తెలిసి ఒక పద్యం అయ్యుండాలి. ఆ తెర చూసి చదువుకున్న జపాన్ వాళ్లకి గుర్తొచ్చేది అదే.

వెయ్యేళ్లకి పైబడిన 'ఇసె కథలు' అనే గ్రంథంలో తొమ్మిదో ఘట్టం. రాజధానిలో తనకిక చోటు లేదనుకున్న ఒక మనిషి ఒకరిద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని తూర్పు దిక్కుకి బయల్దేరతాడు. దారి తెలిసినవాళ్లు ఎవరూ లేరు. తప్పుతూ తడబడుతూ మికవా సీమలో యత్సుహషి అనే చోటికి చేరతారు. ఆ పేరుకి ఎనిమిది వంతెనలు అని అర్థం. ఏరు సాలీడు కాళ్లలా పాయలుగా చీలితే ఎనిమిది చోట్ల పలకలు వేశారట. మడుగు పక్కన చెట్టునీడలో గుర్రాలు దిగి, మూట విప్పి ఎండబెట్టిన అన్నం తింటున్నారు. మడుగు నిండా కాకిత్సుబాతా పూసి ఉంది. ఒకడంటాడు, 'ఈ పువ్వు పేరులోని అయిదు అక్షరాలూ అయిదు పాదాల మొదట వచ్చేలా మన ప్రయాణం మీద ఒక పద్యం చెప్పు' అని. మన చిత్రకవిత్వంలో పాదాల మొదటి అక్షరాలు కలిపితే ఒక పేరు వచ్చేలా కూర్చే విద్య ఉంది చూడండి, అచ్చం అదే. కా, కి, త్సు, హ, తా. పాత రాతలో హ, బ రెండింటికీ అక్షరం ఒకటే.

అతను చెప్పిన పద్యం సారాంశం ఇది: కట్టి కట్టి ఒంటికి మెత్తబడిన వస్త్రంలా నాకు అలవాటైపోయిన ఇల్లాలు అక్కడ ఉండిపోయింది, ఇంత దూరం వచ్చేసిన ఈ ప్రయాణం తలుచుకుంటే గుండె బరువెక్కుతోంది. ఇందులో శ్లేషలు చాలా ఉన్నాయి. 'త్సుమా' అంటే భార్య, బట్ట అంచు కూడా. మెత్తబడడానికీ మచ్చికవడానికీ ఒకటే మాట. అది విని అందరూ ఏడిస్తే, కన్నీళ్లు పడి ఆ ఎండిన అన్నం నానిపోయిందట.

ఇప్పుడు తెర దగ్గరికి రండి. మనుషుల్ని తీసేశాడు కోరిన్. వంతెన తీసేశాడు, ఏరు తీసేశాడు. పువ్వొక్కటే ఉంచాడు. పువ్వు పేరే పద్యం కాబట్టి అది చాలు అనుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత ఇంకో జత తెరలు వేశాడు, అవి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో పూల మధ్యలోంచి వంకరటింకరగా వంతెన పలకలు వెళతాయి. రెండూ గొప్పవే గానీ నా ఓటు మీరు చూసినదానికే.

టోక్యో_గువ్వ | మే 7, ఉదయం 7:02

మాస్టారూ, రైల్లో చదివాను. మా ఆయన విశాఖలో ఉంటారు, నేనిక్కడ. మూడేళ్లుగా ఇంతే. 'మెత్తబడిన వస్త్రం' దగ్గర ఆగిపోయాను. సాయంత్రం మళ్లీ రాస్తాను.

సిరి_వాళ్లమ్మ | మే 7, మధ్యాహ్నం 1:15

మంచి సమయానికి దొరికింది ఈ చర్చ. మా పాప ఎనిమిదో తరగతి, హైదరాబాద్‌లో. సెలవుల ఆర్ట్ ప్రాజెక్టుకి 'జపాన్ చిత్రాలు: పూలు, వాటి అర్థాలు' అని తీసుకుంది. నెట్ చూసి ఒక పట్టిక చేశాను: చెర్రీ అంటే సమురాయ్, ప్లమ్ అంటే ఓర్పు, కమీలియా అంటే తల తెగడం (పువ్వు మొత్తం ఒక్కసారే రాలుతుంది కాబట్టి సమురాయ్‌లు భయపడేవారట), తామర అంటే పవిత్రత, పియోనీ అంటే సిరిసంపదలు, చామంతి అంటే చక్రవర్తి. ఇది సరిపోతుందా? తప్పులుంటే చెప్పండి, శుక్రవారం ఇచ్చెయ్యాలి.

చరిత్ర_రమణ | మే 7, మధ్యాహ్నం 2:40

అమ్మా, పట్టికలో మొదటిదీ మూడోదీ దయచేసి అలా పెట్టకండి. ఆ రెండూ నన్ను ఎప్పట్నుంచో బాధపెడుతున్న విషయాలు.

ముందు కమీలియా. సమురాయ్‌లు దానికి భయపడేవారని అందరూ రాస్తారు. కానీ రెండో తోకుగావా షోగున్ హిదెతదాకి కమీలియా అంటే ప్రాణం. సమురాయ్‌లందరికీ పెద్ద ఆయనే కదా! ఆ కాలంలో కొత్త కొత్త కమీలియా రకాలు పండించడం పెద్ద మోజు. గువ్వ గారు వెళ్లిన నెజు మ్యూజియంలోనే 'నూరు కమీలియాలు' అని రెండు పొడవాటి చుట్టలున్నాయి. కానో సన్‌రకు వేశాడని చెబుతారు. వందకి పైగా రకాల పూలు, ఒకటి బుట్టలో, ఒకటి విసనకర్ర మీద, ఇంకొకటి పుస్తకాల పక్కన, ముచ్చటగా అమర్చి ఉంటాయి. వాటి పక్కన దొరలు, పండితులు పద్యాలు రాశారు. చావుకి గుర్తనుకుంటే అలా చేస్తారా?

ఇక చెర్రీ. పాత పద్యసంకలనం మన్యోషూలో చెర్రీ కంటే ప్లమ్ పద్యాలే ఎక్కువ. ప్లమ్ మీద దాదాపు 120 ఉంటే చెర్రీ మీద 40 పైచిలుకు. ప్లమ్ చైనా నుంచి వచ్చిన పువ్వు, పెద్దవాళ్ల మోజు. తర్వాత, 10వ శతాబ్దం మొదట్లో, రాజాజ్ఞతో కూర్చిన కోకిన్‌షూ నాటికి చెర్రీ ముందుకొచ్చింది. ఆ పద్యాల్లో చెర్రీ అంటే వసంతం, ఎదురుచూపు, రాలిపోతుంటే కలిగే దిగులు. సైన్యం ఊసు లేదు. 1790లో మోటోరి నోరినాగా అనే పండితుడు తన బొమ్మ తనే వేసుకుని, దాని మీద యమతో (జపాన్ పాత పేరు) హృదయం ఎలాంటిదంటే ఉదయపు ఎండలో వెలిగే కొండ చెర్రీ లాంటిది అని పద్యం రాసుకున్నాడు. ఆయన ఉద్దేశం అందం. 1944 అక్టోబరులో మొదటి ఆత్మాహుతి విమాన దళాలకి ఆ పద్యంలోని మాటలే పేర్లుగా పెట్టారు: షికిషిమా, యమతో, అసహి, యమజకురా. ఇరవై ఏళ్ల కుర్రాళ్లని రాలే పూలతో పోల్చి పంపించారు. అది బొమ్మల్లోంచి వచ్చిన అర్థం కాదు, ప్రభుత్వం బలవంతంగా అంటించింది. దాన్ని తీసుకెళ్లి 400 ఏళ్ల కిందటి తెరకి అంటించడం ఆ చిత్రకారులకి చేసే అన్యాయం.

రంగులరాయి | మే 7, రాత్రి 8:50

రమణ గారు చెర్రీ ఎత్తారు కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. క్యోటోలో ఉంటాను, వారాంతాల్లో పాత పద్ధతి జపాన్ చిత్రకళ నేర్చుకుంటున్నాను.

క్యోటో చిషకు-ఇన్ గుడిలో హసెగవా క్యూజో వేసిన చెర్రీ చెట్టు ఉంది. సుమారు 1593 నాటిది. పక్కనే వాళ్ల నాన్న తోహకు వేసిన మేపుల్. అవి అసలు వేరే గుడి కోసం వేసినవి. దేశాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్న హిదెయోషికి లేకలేక పుట్టిన కొడుకు త్సురుమత్సు 1591లో మూడో ఏట చనిపోతే, వాడి పేరున గుడి కట్టించాడు. ఆ గుడి గోడలకి ఈ తండ్రీకొడుకులు పూలూ చెట్లూ వేశారు. ఏడుపు ముఖం ఒక్కటీ ఉండదు. బంగారు మబ్బుల మధ్య ముద్ద చెర్రీ విరగబూసి ఉంటుంది. 1593లోనే క్యూజో కూడా పోయాడు, 26 ఏళ్లకి. కొడుకు పోయిన దొర కోసం పని చేసిన తోహకుకి తన కొడుకూ దక్కలేదు.

నేను మొదటిసారి చూసినప్పుడు ఇవేవీ తెలియవు. పక్క నుంచి చూశాను, అదే నా అదృష్టం. పూరేకులు గోడ మీంచి ఉబ్బి ఉన్నాయి! ఎదురుగా చూస్తే తెల్ల రంగు అనుకుంటాం. పక్కకి జరిగితే ఒక్కో రేకుకీ మందం ఉంది, అంచు కింద సన్నటి నీడ ఉంది. అది గొఫున్. ఆల్చిప్పల్ని ఏళ్ల తరబడి ఎండకీ వానకీ వదిలేసి, తర్వాత నూరిన పొడి. దాన్ని పొరల మీద పొరలుగా పెట్టి ఉబ్బెత్తు తెస్తారు.

గొఫున్ కలపడం నేర్చుకుంటే గానీ ఆ రేకుల విలువ నాకు తెలియలేదు. ముందు పొడిని కల్వంలో మెత్తగా నూరాలి. నికవా అని జంతు చర్మం నుంచి తీసిన జిగురు, దాన్ని వెచ్చబెట్టి కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపాలి. ఉండ చేసి పళ్లెం మీద వందసార్లు కొట్టాలి, లోపలి గాలంతా పోవాలని. చప్ చప్ మని క్లాసంతా అదే మోత. తర్వాత గోరువెచ్చని నీళ్లతో వేలితో అరగదీస్తూ కరిగించాలి. మొదటిసారి జిగురు ఎక్కువ పోశాను. వేసినప్పుడు బ్రహ్మాండంగా ఉంది, తెల్లారేసరికి రేకులన్నీ పగుళ్లు. మా టీచర్ ఏమీ అనలేదు, చెంచా నా చేతిలోంచి తీసుకుని జిగురు ఎంత పొయ్యాలో పోసి చూపించారు.

గువ్వ గారూ, మీరు చూసిన నీలం కూడా రాయేనండి. అజురైట్ నూరి చేసినది. పలుకు లావుగా ఉంటే రంగు ముదురు, అదే రాయిని ఇంకా సన్నగా నూరితే లేత నీలం. ఆకుల పచ్చ మాలకైట్. కోరిన్ వాళ్లది క్యోటోలో పెద్ద పట్టుబట్టల దుకాణం. బట్టల మీద అచ్చుల సంగతి పుట్టుకతోనే తెలుసు. ఆ తెరలో కొన్ని పూల గుంపులు కత్తిరించిన అచ్చుతో వేసినట్టు మళ్లీ అదే ఆకారంలో వస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు వెతకండి.

టోక్యో_గువ్వ | మే 7, రాత్రి 9:20

అచ్చా! అందుకేనేమో నడుస్తూ చూస్తుంటే పాటలో పల్లవి మళ్లీ మళ్లీ వచ్చినట్టు అనిపించింది. బట్టల దుకాణం, మెత్తబడిన వస్త్రం... ఇవన్నీ కలుస్తున్నాయి మాస్టారూ.

సిరి_వాళ్లమ్మ | మే 7, రాత్రి 9:45

రమణ గారూ, రెండు వరుసలూ కొట్టేశాను. పాప కూడా మీ పోస్టు చదివింది. ఆ విమానాల కుర్రాళ్ల సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. పోనీ తామర అయినా సరిగ్గా ఉందా? మన దగ్గరా అక్కడా ఒకటే అర్థం కదా. ఇంకో మాట, ప్లమ్ అంటే రేగుపండేనా?

పాతబడి_మాస్టారు | మే 8, ఉదయం 6:05

రేగు కాదమ్మా. జపాన్ వాళ్ల 'ఉమె' ఆల్బకరా, ఆప్రికాట్‌ల వర్గంలోది, ఆప్రికాట్‌కే దగ్గర. దాన్ని ఉమె అనే రాయమను.

ఉమెకి ఓర్పు అని రాయడం తప్పు కాదు, మంచు ఉండగానే పూస్తుంది కాబట్టి చైనా పండితులు అలా చెప్పారు. కానీ జపాన్‌లో ఉమె బొమ్మ చూడగానే ఒక మనిషి గుర్తొస్తాడు, సుగవారా నొ మిచిజానె. గొప్ప పండితుడు, మంత్రి. గిట్టనివాళ్లు చాడీలు చెబితే 901లో రాజధాని నుంచి క్యూషూ దీవిలోని దజాయ్‌ఫుకి పంపేశారు. వెళ్లేముందు పెరట్లోని ఉమె చెట్టుతో, తూర్పుగాలి వీచినప్పుడు నీ వాసన పంపు, యజమాని లేడని వసంతాన్ని మర్చిపోకు అని పద్యం చెప్పాడు. ఆ చెట్టు ఒక్క రాత్రిలో ఆయన దగ్గరికి ఎగిరి వెళ్లిందని ఐతిహ్యం. 903లో ఆయన అక్కడే పోయాడు. తర్వాత చదువుల దేవుణ్ణి చేసి గుళ్లు కట్టారు. ఇప్పటికీ పరీక్షల ముందు పిల్లలు వెళ్లి మొక్కుకుంటారు, గుళ్లలో ఉమె చెట్లుంటాయి. 2019లో మొదలైన రెయివా శకం పేరు కూడా, 730లో అదే దజాయ్‌ఫులో జరిగిన ఉమె పూల విందు గురించి మన్యోషూలో రాసిన ముందుమాటలోంచి తీసుకున్నదే.

ఇక తామర. ఆ అర్థం బౌద్ధంతో పాటు మన దేశం నుంచే వెళ్లింది. అమరావతి శిల్పాల్లో తామరలు చెక్కిన వాళ్ల వారసత్వం చైనా, కొరియాల మీదుగా అక్కడికి చేరింది. అక్కడ దానికి ఇంకొక పని పడింది. చనిపోబోయే మనిషి కోసం అమిదా బుద్ధుడు మబ్బుల మీద దిగి వచ్చే చిత్రాలు గీసేవారు. ముందు నడిచే కన్నన్ (కరుణకి మారుపేరైన బోధిసత్వుడు) చేతిలో ఒక తామర పీఠం ఉంటుంది, ఖాళీగా. అది పోయేవాళ్ల కోసం. ఆ తామరలో కూర్చోబెట్టి పశ్చిమాన ఉన్న స్వర్గానికి తీసుకెళతారు. అందుకని పవిత్రత అని ఒక్క మాట రాసి ఊరుకోకు, 'చివరి ఊపిరి దగ్గర చాచిన చెయ్యి' అని కూడా రాయించు.

రంగులరాయి | మే 8, ఉదయం 8:10

మాస్టారి మాటకి తోడు ఒకటి. 17వ శతాబ్దం మొదట్లో తవరాయా సోతత్సు ఒట్టి సిరాతో వేసిన తామర కొలను క్యోటో నేషనల్ మ్యూజియంలో ఉంది. రెండు నీటిపిట్టలు, పైన తామర. తడి ఆరకముందే ఇంకో చుక్క సిరా వదిలితే అది పాకి మచ్చలు కడుతుంది. ఆకులు అలా పుట్టాయి. దాని ముందు నిలబడితే తామరాకు మీద తడి వేలికి తగిలినట్టే ఉంటుంది.

లంక_గడ్డి | మే 8, ఉదయం 10:30

నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ణే, రాయను. మాది కోనసీమ. పెద్ద పూల సంగతి సరే, గడ్డి గురించి ఎవరూ అనలేదు. టోక్యో నేషనల్ మ్యూజియంలో సకాయ్ హోయిత్సు వేసిన 'వేసవి, శరత్తు గడ్డిపూలు' ఫోటో చూసి నేను ఈ బొమ్మల్లో పడ్డాను. అందులో సుసుకి అనే గడ్డి ఉంది, దూరం చుట్టరికం కలిపితే మన రెల్లే. దసరా ముందు గోదావరి లంకల్లో తెల్లగా ఊగుతుందే, అది.

ఆ తెరల కథ తెలిస్తే ఒళ్లు పులకరిస్తుంది. కోరిన్ బంగారు తెరల మీద గాలిదేవుణ్ణీ ఉరుముదేవుణ్ణీ వేశాడు. వందేళ్ల తర్వాత కోరిన్‌ని గురువుగా భావించిన హోయిత్సు, ఆ తెరల వెనక వైపు వెండి రేకు మీద గడ్డిపూలు వేశాడు. ఉరుముదేవుడి వెనక వానకి తలలు వంచిన వేసవి మొక్కలు, గాలిదేవుడి వెనక గాలికి ఒరిగిన శరత్తు మొక్కలు. అవతలి పక్క దేవుళ్లు చేసిన పనికి ఇవతలి పక్క గడ్డి తడిసి ఊగుతోంది! పాడవకుండా ఉండాలని తర్వాత ముందూ వెనకా విడదీశారు.

నాకు కంటికి ఆనేది కుజు తీగ. గాలికి ఆకులు తిరగబడి అడుగు తెలుపు కనిపిస్తుంది. మాస్టారూ, దానికీ ఏదో శ్లేష ఉందని ఎక్కడో చదివాను, నిజమేనా?

పాతబడి_మాస్టారు | మే 8, ఉదయం 11:00

నిజమే నాయనా. 'ఉరామి' అంటే వెనక వైపు చూడడం, మనసులో పెట్టుకున్న కినుక కూడా. పాత ప్రేమ పద్యాల్లో గాలికి తిరగబడిన కుజు ఆకు అంటే, మాట తప్పిన ప్రియుడి మీద అలక. మీరు చాలా బాగా చూశారు, ఇకమీదట రాస్తూ ఉండండి.

పెన్సిల్_ముక్క | మే 8, మధ్యాహ్నం 12:20

హనఫుదా పేకముక్కలు చూశారా ఎవరైనా? మా ఆఫీసులో కొత్త సంవత్సరానికి ఆడించారు. నింటెండో 1889లో మొదలైంది ఈ ముక్కలు చేస్తూనే. నెలకో పువ్వు. మే నెల ముక్క మీద ఐరిస్, దాని పక్కన చిన్న పలకల వంతెన! ఇన్నాళ్లూ అది ఉత్త అలంకారం అనుకున్నా. ఇప్పుడు మాస్టారి పోస్టు చదివాక అది యత్సుహషి అని తెలిసింది. ఫిబ్రవరి ఉమె మీద పాటల పిట్ట, జూన్ పియోనీ మీద సీతాకోకచిలుకలు, జులై హగి పొదల్లో అడవిపంది. ఏ పువ్వూ ఒంటరిగా లేదు. పక్కన ఎవరున్నారో చూస్తే పువ్వు ఏం చెబుతోందో తెలుస్తోంది. పియోనీ పక్కన సింహం ఉంటే మళ్లీ వేరే కథ కదా?

చరిత్ర_రమణ | మే 8, మధ్యాహ్నం 12:45

అవును, సింహం ఒంట్లో ఉండి దాన్నే తినే పురుగుకి పియోనీ మీది మంచుబిందువే విరుగుడని నమ్మకం. అందుకే సింహం పియోనీ కింద పడుకుంటుంది. సీతాకోకచిలుక ఉంటే ఆ కథ లేదు. మీరన్న 'పక్కన ఎవరున్నారు' అన్నది నాకు చాలా నచ్చింది.

బందరు_అద్దకం | మే 8, సాయంత్రం 4:15

చిన్న మాట. మా బందరు వైపు అద్దకం బట్టలు డచ్ ఓడల్లో జపాన్ దాకా వెళ్లాయి. అక్కడ వాటిని 'సరసా' అనేవారు, టీ వేడుకల వాళ్లు చిన్న ముక్క దొరికినా కళ్లకద్దుకుని, టీ డబ్బాలకి సంచులు కుట్టించుకునేవారు. మా తీగలూ పూలూ వాళ్ల చేతుల్లో తిరిగాయని తలుచుకుంటే సంతోషం. ఇది బొమ్మల్లో పూల అర్థం కాదు, తెలుసు. చెప్పాలనిపించింది.

సిరి_వాళ్లమ్మ | మే 8, రాత్రి 8:30

పట్టిక మొత్తం తీసేశాం. పాప ఒక్క పువ్వు గురించే చేస్తానంటోంది, చామంతి. పెరట్లో ఉంది కాబట్టి చూసి గీయొచ్చని. కానీ పెన్సిల్ ముక్క గారి పోస్టు చదివి 'పక్కన ఏం పెట్టాలి?' అని నన్ను చంపేస్తోంది. చక్రవర్తి ముద్ర వద్దట.

పాతబడి_మాస్టారు | మే 8, రాత్రి 8:55

శభాష్ తల్లీ. చామంతి అక్కడ దీర్ఘాయువు. కొండల్లో చామంతి ఆకుల మీది మంచునీళ్లు తాగి వందల ఏళ్లు కుర్రాడిగానే ఉండిపోయిన పిల్లవాడి కథ ఉంది. రాజాస్థానంలో ఒక ఆచారం ఉండేది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు పండగకి ముందు రాత్రి చామంతి పూల మీద పట్టుదూది కప్పి వదిలేసేవారు. తెల్లారేసరికి దూది మంచుతో, పువ్వు వాసనతో తడిసి ఉండేది. దానితో ముఖం తుడుచుకుంటే ముసలితనం పోతుందని నమ్మకం. ఆ దూది గీయమను.

సిరి_వాళ్లమ్మ | మే 8, రాత్రి 9:10

ఎగిరి గంతేసింది! వాళ్ల నానమ్మ కోసం గీస్తానంటోంది. కానీ తెల్ల కాగితం మీద తెల్ల దూది ఎలా వస్తుంది? ఆల్చిప్పల పొడి మా దగ్గర లేదు కదా రంగులరాయి గారూ.

రంగులరాయి | మే 8, రాత్రి 9:25

అక్కర్లేదండి, నీటిరంగులు చాలు. దూది ఉండాల్సిన చోట కాగితాన్ని ముట్టుకోవద్దనండి. ముందు దాని చుట్టూ శుభ్రమైన నీళ్లతో కాగితం తడిపి, ఆ తడిలో పలచటి నీలం వదలమనండి. అది పాకుతూ దూది అంచు దాకా వచ్చి తనే ఆగుతుంది. ఎక్కడైనా లోపలికి జారితే కంగారుపడొద్దు, అక్కడ దూది మంచుకి తడిసినట్టు కనిపిస్తుంది. పసుపు రేకులు మాత్రం బాగా ఆరాకే. అయ్యాక ఫోటో పెట్టండి.

టోక్యో_గువ్వ | మే 8, రాత్రి 10:40

ఫోటో కోసం నేనూ చూస్తుంటాను. ఆదివారం మళ్లీ నెజు మ్యూజియానికి వెళుతున్నా, వీడియో కాల్‌లో మా ఆయనకి తోటలో కొలను చూపిస్తాను (లోపల తెరల దగ్గర ఫోన్ తీయనివ్వరు). ముందు ఆయనకి పద్యం చెప్పాలి. మాస్టారూ, ఆ అయిదు పాదాలు జపాన్ ఉచ్చారణతోనే తెలుగులో రాసి పెడతారా? కా దగ్గర్నుంచి మొదలుపెట్టి.

పాతబడి_మాస్టారు | మే 9, ఉదయం 5:50

కారాకొరొమొ
కిత్సుత్సు నారెనిషి
త్సుమా షి అరెబా
హారుబారు కినురు
తాబి ఓ షి జో ఒమోవు

నాలుగో పాదం దగ్గర కొంచెం ఆగి చదువమ్మా. 'హారుబారు' అంటే ఎంతో దూరం నుంచి.